మేము, మనం, ‘వి’: వర్తూరులో ఇంగ్లీషు సర్వనామాల పాఠం

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలలో నామవాచకం ముగిసిన వెంటనే సర్వనామం అధ్యాయం మొదలవుతుంది. పేరుకు బదులుగా వాడే పదం సర్వనామమని ఒక్క వాక్యంలో నిర్వచించి, మాట్లాడేవారినీ వినేవారినీ ఇతరులనూ తెలిపే పురుషవాచకాలు, సొంతాన్ని తెలిపే స్వామ్యార్థకాలు, చేసినవారినే తిరిగి తాకే ఆత్మార్థకాలు, దగ్గరా దూరమూ చూపే నిర్దేశకాలు, ప్రశ్నార్థకాలు, ఒక వాక్యాన్ని మరో వాక్యంలోని పేరుకు ముడివేసే సంబంధార్థకాలు, ఫలానా అని తేల్చని అనిశ్చితార్థకాలు, ఒకరికీ మరొకరికీ మధ్య సాగే పనిని తెలిపే పరస్పరార్థకాలు అంటూ ఎనిమిదో తొమ్మిదో రకాలను పేర్చి, ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణలిచ్చి, ఖాళీలు పూరించమనడం ఆ పుస్తకాల పద్ధతి. ఆ వరుసను అప్పజెప్పిన విద్యార్థికి మార్కులు వస్తాయి. అయితే ఆ రకాలలో ఏది తన ఇంటి భాషలో ఉన్నదో, ఏది లేదో, ఏది ఇంగ్లీషులో కంటే తెలుగులోనే నిశితంగా ఉన్నదో అతనికి చెప్పేవారు అరుదు. తెలుగు ఇంటి బిడ్డకు ఇంగ్లీషు సర్వనామాలు బోధపడాలంటే ఆ బిడ్డ నోట అప్పటికే ఉన్న తెలుగు సర్వనామాల నుంచి పాఠం మొదలు కావాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన. దానిని పరీక్షించి చూడడానికి బెంగళూరు తూర్పు అంచున ఉన్న వర్తూరు ఎంతో తగిన చోటు.

వర్తూరు మొన్నమొన్నటి దాకా చెరువు కింద పంటలు పండించుకున్న ఊరు. బెళ్లందూరు చెరువు నుంచి దిగువకు వచ్చే నీరు చేరే వర్తూరు చెరువు నగరంలోని అతి పెద్ద చెరువులలో ఒకటి. పక్కనున్న వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు వెలసిన తరువాత ఊరి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచీ, కోస్తా నుంచీ, తెలంగాణ నుంచీ వచ్చిన తెలుగు కుటుంబాలు వాటిలో కాపురం పెట్టాయి. కోలారు సరిహద్దు దగ్గరే కాబట్టి తరతరాలుగా ఇంట్లో తెలుగూ బయట కన్నడమూ మాట్లాడే పాత కుటుంబాలు ఈ ప్రాంతంలో ముందునుంచే ఉన్నాయి. కర్ణాటక 2015లో చేసిన కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం రాష్ట్రంలోని బడులన్నీ కన్నడాన్ని మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. అందువల్ల వర్తూరులోని తెలుగు బిడ్డ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సినిమాల్లోనూ ఆటస్థలంలోనూ హిందీ, పాఠాలన్నింటికీ ఇంగ్లీషు వాడుతూ, రోజూ నాలుగు సర్వనామ వ్యవస్థల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆ తిరగడంలో బిడ్డకు అబ్బిన జ్ఞానం చాలా పెద్దది. వ్యాకరణ పాఠం దానిని పలకరించకుండా పోవడమే విచారకరం.

మొదటి చిక్కు పేర్లలోనే ఎదురవుతుంది. మాట్లాడేవారిని ‘ఫస్ట్ పర్సన్’ అనీ, వినేవారిని ‘సెకండ్ పర్సన్’ అనీ, తక్కిన వారందరినీ ‘థర్డ్ పర్సన్’ అనీ ఇంగ్లీషు లెక్కిస్తుంది. సంస్కృత వ్యాకరణం నుంచి తెలుగు తెచ్చుకున్న లెక్క దీనికి సరిగ్గా తలకిందులు: అతడు, ఆమె, అది ప్రథమ పురుష, నువ్వు, మీరు మధ్యమ పురుష, నేను, మేము ఉత్తమ పురుష. ప్రథమ అంటే మొదటిదనే అర్థం కాబట్టి, ప్రథమ పురుషే ఫస్ట్ పర్సన్ అనుకోవడం బిడ్డకు సహజం. ఈ ఒక్క విషయం ముందే చెప్పకపోవడం వల్ల రెండు భాషల వ్యాకరణాలూ ఒకదానిమీద ఒకటి బురద చల్లుకున్నట్టు కనిపిస్తాయి. పేరుకు బదులుగా వాడేది సర్వనామమన్న నిర్వచనం కూడా నిజానికి ప్రథమ పురుషకే సరిపోతుంది. ‘నేను’ అనే మాట ఏ పేరుకూ బదులు కాదు. ఎవరు నోరు తెరిస్తే వారిదవుతుంది, అవతలివారు మాట అందుకున్న క్షణంలో వారిదైపోతుంది. అంటే నేను, నువ్వు అనేవి సంభాషణలోని స్థానాలు. అతడు, ఆమె అనేవి మాత్రమే ముందు చెప్పిన పేరును మోసుకొచ్చే పదాలు. ఈ తేడా తెలిసిన విద్యార్థికి ‘ఐ’, ‘యు’ అనే పదాలకు లింగభేదం ఎందుకు అక్కరలేదో, ‘హి’, ‘షి’ అనే వాటికి ఎందుకు కావలసివచ్చిందో దానంతటదే తోస్తుంది: ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి గుర్తులు అవసరం లేదు, ఎదుట లేని మనిషికి కావాలి.

తెలుగు బిడ్డకు ఇంగ్లీషు అన్నింటికంటే పేదగా కనిపించవలసిన చోటు ‘వి’ అనే పదం. వినేవారిని కలుపుకొంటే మనం, వినేవారిని బయట ఉంచితే మేము. ఈ రెండింటి తేడాను తెలుగు బిడ్డ మూడు నాలుగేళ్లకే పొరపాటు లేకుండా పాటిస్తుంది. ‘మేము ఊరికి వెళ్తున్నాం’ అన్న మాట విన్న పొరుగింటి బిడ్డ తాను రావడం లేదని గ్రహిస్తుంది, ‘మనం వెళ్తున్నాం’ అంటే చెప్పులు వేసుకుంటుంది. ఇంగ్లీషులో ఈ రెండూ ఒకే వాక్యం. దక్షిణాది భాషలు ఒకే కుటుంబానికి చెందినవని 1856లో వెలువడిన తులనాత్మక వ్యాకరణంలో విస్తారంగా నిరూపించిన రాబర్ట్ కాల్డ్‌వెల్ ఈ రెండు రకాల ఉత్తమ పురుష బహువచనాల గురించి ప్రత్యేకంగా చర్చించాడు. తమిళంలో నామ్, నాంగళ్ అనే జంట ఈ తేడానే చూపుతుంది. ఆశ్చర్యమేమంటే, తెలుగుకు లిపిలోనూ పదసంపదలోనూ ఇంత దగ్గరైన కన్నడంలో నేడు ఈ తేడా లేదు. అక్కడ రెండింటికీ నావు అన్నది ఒక్కటే మాట. ఇంగ్లీషులో లేనిది కన్నడంలోనూ లేదని తెలిసినప్పుడు, ఇది తెల్లవారి భాషకూ నల్లవారి భాషకూ ఉన్న తేడా కాదనీ, ప్రతి భాషా తన దారిన కొన్ని భేదాలను నిలుపుకొని కొన్నింటిని వదిలేస్తుందనీ విద్యార్థికి అర్థమవుతుంది.

బెంగళూరులో ఈ విషయం పుస్తకంలో ఉండిపోయేది కాదు. 2011లో మొదలై, 2023లో వైట్‌ఫీల్డ్ దాకా చేరిన రైలు మార్గానికి పెట్టిన పేరు నమ్మ మెట్రో. నమ్మ అంటే నావు అనే మాటకు స్వామ్యార్థక రూపం. అది వినేవారిని కలుపుకొంటున్నదో లేదో కన్నడ వ్యాకరణం చెప్పదు; సందర్భమే చెప్పాలి. తెలుగువారు ఆ మాటను తమలో తాము అనుకునేటప్పుడు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు: అది మన మెట్రో అవుతుందా, వాళ్ల ‘మా మెట్రో’ అవుతుందా? నగరానికి కొత్తగా వచ్చిన కుటుంబం ఏ రూపం ఎంచుకుంటున్నదో చూస్తే ఆ కుటుంబం ఈ ఊళ్లో ఎంతగా కుదురుకున్నదో తెలుస్తుంది. వర్తూరు చెరువు సంగతీ అంతే. నగరపు మురుగు చేరి చేరి, 2015లో ఆ చెరువు నుంచి తెల్లటి నురుగు పొంగి రోడ్డుమీదికి వచ్చినప్పుడు దేశమంతా ఆ దృశ్యాన్ని చూసింది. చెరువును ‘వి’ పాడుచేశామని ఇంగ్లీషులో రాస్తే, ఆ తప్పు రాసినవారిదా, చదివేవారిదా, ఇద్దరిదా అన్నది తేలదు. తెలుగులో మేము పాడుచేశాం అంటే ఒప్పుకోలు, మనం పాడుచేశాం అంటే వినేవారినీ బాధ్యులను చేయడం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ తేడాను సర్వనామం మీద వదలకుండా, ‘ఇక్కడ ఉంటున్న మనమంతా’ అన్నంత వివరంగా అదనపు మాటలతో చెప్పాలని నేర్పడమే నిజమైన వ్యాకరణ బోధ.

సొంతాన్ని తెలిపే రూపాలలోనూ ఈ బహువచనం పని చేస్తుంది. ఒక్కడే కొడుకైనా తెలుగువాడు మా అమ్మ, మా ఇల్లు అంటాడు గాని నా అమ్మ, నా ఇల్లు అనడం అరుదు. తల్లీ ఇల్లూ ఒక్కరి సొత్తు కావన్న ఎరుక ఆ మాటలో ఉంది. కన్నడంలో నమ్మ అమ్మ, నమ్మ మనె అనడం ఇలాంటిదే. ఇంగ్లీషులో ‘మై మదర్’ అనాలి. ఇక ‘మై’, ‘మైన్’ అనే రెండింటి మధ్య భేదం తెలుగు బిడ్డకు కొత్త కాదు: పక్కన పేరుంటే నా, పేరు లేకపోతే నాది. పైగా తెలుగు రూపం సొంతమైన వస్తువును బట్టి మారుతుంది కూడా. ఒక్కటైతే నాది, ఎక్కువైతే నావి, మనుషులైతే మావాడు, మావాళ్లు. ‘మైన్’ ఇవేవీ చెప్పదు కాబట్టి నేర్చుకోవడం తేలిక.

మధ్యమ పురుషకు వచ్చేసరికి, ఇంగ్లీషులో మర్యాద లేదని పెద్దలు అనే మాట బిడ్డ చెవిన పడుతూ ఉంటుంది. అది సరైన మాట కాదు. ఇంగ్లీషులో ఒకప్పుడు ఒక్కరిని పిలవడానికి ‘దౌ’ అనీ, అనేకులను పిలవడానికి ‘యి’, ‘యు’ అనీ వేర్వేరు పదాలుండేవి. మధ్యయుగంలో పెద్దవారిని బహువచనంతో పిలిచే అలవాటు వచ్చి, ‘యు’ అచ్చంగా తెలుగు మీరులాగా గౌరవ పదమైంది. ఆ గౌరవం క్రమంగా అందరికీ విస్తరించి, 17వ శతాబ్దం ముగిసేసరికి ‘దౌ’ సామాన్య వాడుక నుంచి తప్పుకుంది. అంటే ఇంగ్లీషు పోగొట్టుకున్నది నువ్వును గాని మీరును కాదు. ఆ శతాబ్దంలోనే క్వేకర్లనే క్రైస్తవ వర్గంవారు మనుషులంతా సమానులని నమ్మి, అధికారులను సైతం ‘దౌ’, ‘దీ’ అనే పిలుస్తామని పట్టుబట్టారు. సర్వనామం ఒక విశ్వాసానికి గుర్తుగా నిలిచిన సందర్భమది. తెలుగులో నువ్వు, మీరు, తమరు అనే మెట్లున్నట్టే కన్నడంలో నీను, నీవు, తావు అనే మెట్లున్నాయి. ఇక్కడొక చిక్కు ఉంది: తెలుగులో నీవు చనువుతో ఒక్కరిని పిలిచే రూపం, కన్నడంలో అదే నీవు పెద్దలను మన్నించే రూపం. కన్నడ పొరుగువారు మర్యాదగా అన్న మాట కొత్తగా వచ్చిన తెలుగు చెవికి ఏకవచనంగా వినిపించవచ్చు. కన్నడ టీచరును నీను అనకూడదని తెలుసుకున్న వర్తూరు బిడ్డకు, గౌరవాన్ని ‘యు’తో గాక ‘సర్’, ‘మ్యామ్’, ‘ప్లీజ్’, ‘కుడ్’ వంటి పదాలతో చూపాలన్నది విడమరిచి చెబితే, ఆ పదాలు కేవలం అలంకారాలు కావని తెలిసివస్తుంది.

ప్రథమ పురుష తెలుగులో అన్నింటికంటే సంపన్నమైనది. ఇంగ్లీషు వ్యాకరణం పురుషవాచకమైన ‘హి’ని ఒక రకంలోనూ, నిర్దేశకాలైన ‘దిస్’, ‘దట్’లను వేరొక రకంలోనూ పెడుతుంది. తెలుగులో ఈ రెండూ ఒకే కొమ్మ. ఈ, ఆ, ఏ అనే మూడు మూలాల నుంచి ఇతడు, అతడు, ఎవడు. ఈమె, ఆమె, ఎవతె. ఇది, అది, ఏది. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు అంటూ వరుసలు వరుసలుగా పదాలు పుడతాయి. కాబట్టి తెలుగులో ఒక మనిషిని సర్వనామంతో చెప్పాలంటే ఆ మనిషి దగ్గరున్నాడా దూరంగా ఉన్నాడా అన్నది చెప్పక తప్పదు. ‘హి’ అనే పదానికి ఆ బాధ్యత లేదు. దూరంతో పాటు హోదా, చనువు, ప్రాంతం కూడా వచ్చి చేరతాయి: వాడు, అతను, ఆయన, వారు, ఆమె, ఆవిడ, చిత్తూరు, అనంతపురం వైపు ఆయప్ప, ఆయమ్మ, తెలంగాణలో గాయన, గామె. వర్తూరులో ఒకే అపార్ట్‌మెంటు మెట్లమీద ఈ రూపాలన్నీ వినిపిస్తాయి. వీటన్నింటినీ ‘హి’, ‘షి’ అనే రెండు మాటలలోకి దించవలసివచ్చిన బిడ్డకు ఏదో పోయినట్టు అనిపించడంలో తప్పు లేదు, నిజంగానే పోయింది.

లింగం విషయం ఇంకా లోతైనది. తెలుగు వ్యాకరణానికి ప్రామాణికంగా నిలిచిన బాలవ్యాకరణాన్ని 1858లో వెలువరించిన చిన్నయసూరి పురుషులను తెలిపే పదాలను మహత్తులనీ, తక్కినవాటిని అమహత్తులనీ విభజించి, స్త్రీలను తెలిపే పదాలు ఏకవచనంలో అమహత్తులతోనూ బహువచనంలో మహత్తులతోనూ నడుస్తాయని చూపాడు. అందువల్లనే అతడు వచ్చాడు అని క్రియ మారుతుంది గాని, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది అన్న రెండింటిలోనూ క్రియ ఒక్కటే. బహువచనంలో మాత్రం ఆడవాళ్లూ మగవాళ్లూ వచ్చారు, బస్సులు వచ్చాయి. కన్నడం ఇలా కాదు: అవను బందను, అవళు బందళు, అదు బందితు అని ఇంగ్లీషు ‘హి’, ‘షి’, ‘ఇట్’లలాగానే మూడు తెగలుగా చీలుతుంది, క్రియలోనూ ఆ చీలిక ఉంటుంది. గోండి వంటి కొన్ని ద్రావిడ భాషలు మరో కొసకు వెళ్లి, స్త్రీలను బహువచనంలోనూ పురుషేతరాలతోనే కలుపుతాయి. ఈ విభజనను బట్టి తెలుగువారు స్త్రీని వస్తువుతో సమానంగా చూశారని తీర్మానించడం తొందరపాటు. ఇది ఎన్నో వేల ఏళ్లనాటి వారసత్వం, దానిని ఏ తరంవారూ ఆలోచించి ఎన్నుకోలేదు. అయినా వాడుక ఊరుకోలేదు. ఆదరంగా చెప్పవలసిన ప్రతి స్త్రీ విషయంలోనూ తెలుగువారు ఏకవచన క్రియను వదిలి, ఆవిడ వచ్చారు, అమ్మగారు వచ్చారు అంటూ బహువచన క్రియను చేపట్టారు. వ్యాకరణంలోని లోటును మర్యాద పూడ్చిన తీరు ఇది, తెలుగుకు గర్వకారణం కూడా. ‘షి’ నేర్పే పాఠంలో ఈ సంగతి చెబితే, పన్నెండేళ్ల ఆడపిల్ల రెండు భాషలనూ కొత్త కళ్లతో చూస్తుంది.

‘ఇట్’ అనే పదంలో ఇంకో విడ్డూరముంది. వాన పడుతోంది అనడానికి ఇంగ్లీషు ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటుంది; ఆ ‘ఇట్’ దేనినీ సూచించదు, కర్త స్థానం ఖాళీగా ఉండకూడదన్న నియమం కోసమే నిలబడుతుంది. తెలుగు క్రియలో పురుషా వచనమూ ఇమిడి ఉంటాయి కాబట్టి వస్తాను, వస్తావు, వస్తారు అంటే చాలు, సర్వనామాన్ని వదిలేయవచ్చు. ఇంగ్లీషు క్రియకు ఆ శక్తి దాదాపుగా సన్నగిల్లిపోయింది గనుక ప్రతి వాక్యానికీ ఒక కర్త కావాలి. అలాగే నాకు ఆకలిగా ఉంది, నాకు తెలుసు, నాకు భయం అని అనుభవం తన దగ్గరికి వచ్చినట్టు తెలుగు చెబుతుంది; ఇంగ్లీషులో ‘నాకు’ ఉన్నచోటల్లా ‘ఐ’ వచ్చి కూర్చుంటుంది. ‘టు మి’ అని మొదలుపెట్టి ఆగిపోయే విద్యార్థి తెలివితక్కువవాడు కాడు, తన భాషను నమ్మకంగా అనుసరిస్తున్నవాడు.

తెలుగు సర్వనామాలలో అత్యంత విలువైనది ఏదని అడిగితే, తాను, తన అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. రవి శేఖరుతో తన పుస్తకం పోయిందని చెప్పాడు అంటే పోయినది రవి పుస్తకం. అతని పుస్తకం పోయిందని చెప్పాడు అంటే శేఖరుదో, మరొకరిదో. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో ‘హిజ్ బుక్’ అని రాస్తే ఎవరి పుస్తకం పోయిందో తెలియదు. ఇంగ్లీషు కథలు చదివేటప్పుడు బిడ్డలు ఎవరు ఎవరో తెలియక తికమక పడడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంతకంటే సూక్ష్మమైన సంగతి పరోక్ష కథనంలో, అంటే ఒకరి మాటను మరొకరు అప్పజెప్పేటప్పుడు కనిపిస్తుంది. రవి తాను వస్తానన్నాడు అనే వాక్యంలో తాను ప్రథమ పురుష పదమే అయినా, వస్తాను అనే క్రియ చివర ఉత్తమ పురుష గుర్తు ఉంది. రవి నోటి మాటలోని నేను పూర్తిగా చెరిగిపోకుండా క్రియలో దాగి ఉంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. సర్వనామమూ క్రియాకాలమూ రెండూ చెప్పేవారి స్థానానికి జరగాలి, ‘హి సెడ్ దట్ హి వుడ్ కమ్’ అనాలి. తెలుగు విద్యార్థి ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అని రాస్తే వచ్చేవాడు రాసినవాడే అయిపోతాడు. ఈ తప్పు కింద ఎర్రగీత గీసి ఊరుకునే బదులు, వస్తానన్నాడు అనే తెలుగు మాటను నల్లబల్లమీద విడదీసి చూపిస్తే చాలు, ఆ తప్పు మళ్లీ రాదు.

‘హిమ్‌సెల్ఫ్’, ‘మైసెల్ఫ్’ వంటి ఆత్మార్థకాలకు తెలుగులో తనను తాను అనే జంట ఉన్నా, ఎక్కువ పని క్రియే చేసుకుంటుంది. మంగలి గడ్డం గీశాడంటే ఇంకొకరికి, అతడు గడ్డం గీసుకున్నాడంటే తనకు. ‘కొను’ అనే చిన్న క్రియ వచ్చి చేరితే ఫలం చేసినవారివైపు తిరుగుతుంది. కన్నడంలో ‘కొళ్ళు’ అనే క్రియ చేసే పని కూడా ఇదే. ఇంగ్లీషు ఆత్మార్థకానికి రెండు పనులున్నాయి: పని చేసినవారిమీదే పడిందని చెప్పడం ఒకటి, ఆ మనిషే స్వయంగా అని ఒత్తి చెప్పడం రెండోది. కర్తగా ఒంటరిగా నిలబడే అర్హత దానికి లేదు. తమను పరిచయం చేసుకునేటప్పుడు భారతీయుల ఇంగ్లీషులో తరచూ వినిపించే ‘మైసెల్ఫ్ ఫలానా’ అనే వాక్యం అందుకే కుదరదు: వెనక్కి తిరిగి తాకవలసిన పదానికి ముందు తాకవలసినవారే లేరు.

సంబంధార్థకాల దగ్గర పరిస్థితి తారుమారవుతుంది. ‘హు’, ‘విచ్’, ‘దట్’, ‘హూజ్’ అనే పదాలతో ఇంగ్లీషు ఒక పేరు వెనక ఒక చిన్న వాక్యాన్ని తగిలిస్తుంది. తెలుగు ఆ వాక్యాన్ని క్రియాజన్య విశేషణంగా, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణంగా మార్చి పేరుకు ముందే పెడుతుంది: చెరువు పక్కన ఇల్లు కట్టిన మనిషి, నిన్న కొన్న పుస్తకం. ఇందులో సర్వనామమే లేదు. ఎవరైతే కడతారో వారు అనే రూపం తెలుగులో పాతదే అయినా, రోజువారీ మాటలో దానికి అంత చోటు లేదు. తెలుగు పద్ధతి ఎంత పొదుపైనదో, అంత సందర్భం మీద ఆధారపడేది కూడా. ఆమె వచ్చిన బస్సు, ఆమె వచ్చిన పని, ఆమె వచ్చిన రోజు అనే మూడింటిలో సంబంధం మూడు రకాలు: బస్సులో వచ్చింది, పని మీద వచ్చింది, ఆ రోజున వచ్చింది. తెలుగు ఆ విభక్తి ప్రత్యయాలను మింగేసి వినేవారి తెలివిమీద భారం వేస్తుంది. ఇంగ్లీషులో ‘ఇన్ విచ్’, ‘ఫర్ విచ్’, ‘ఆన్ విచ్’ అని ఒక్కొక్కటీ తేల్చి రాయాలి. ఇంగ్లీషు చట్టాలూ ఒప్పందాలూ అంత పొడుగు వాక్యాలలో కూడా స్పష్టంగా ఉండగలగడానికి ఈ పదాలు చాలావరకు కారణం. తెలుగులో నిండుగా ఉన్నవాటిని చూసి సంతోషించినట్టే, ఇక్కడ ఇంగ్లీషు ఎక్కువ పని చేస్తున్నదని ఒప్పుకోవాలి, దీనికి ఎక్కువ అభ్యాసం ఇవ్వాలి.

అనిశ్చితార్థకాలను నేర్పడం సులువు. ప్రశ్న పదానికి ఓ చేరితే ఎవరో, ఐనా చేరితే ఎవరైనా, చివర దీర్ఘమిస్తే ఎవరూ. ‘సమ్‌వన్’, ‘ఎనీవన్’, ‘నోవన్’ వాటి పక్కన కుదురుగా కూర్చుంటాయి. ఒక్క జాగ్రత్త చాలు: ఎవరూ అన్న తరువాత తెలుగు క్రియ వ్యతిరేకంలోనే ఉండాలి, ఎవరూ రాలేదు, ‘నోవన్’లో ఆ లేమి ముందే చేరిపోయింది కనుక ఇంగ్లీషు క్రియను మళ్లీ వ్యతిరేకం చేయకూడదు. కొందరు, కొన్ని, అందరు, అన్ని, ఎందరు, ఎన్ని అంటూ మనుషులనూ తక్కినవాటినీ తెలుగు వేరుచేస్తే, ‘సమ్’, ‘ఆల్’ అనేవి రెండింటికీ సరిపోతాయి. పంపకాన్ని తెలిపే ‘ఈచ్’ దగ్గర తెలుగు మళ్లీ ముందడుగు వేస్తుంది: ఇద్దరికైతే చెరొక పండు, అంతకు మించితే తలా ఒక పండు. ప్రాచీన ఇంగ్లీషులో ఇద్దరి కోసమే ‘విట్’, ‘గిట్’ అనే ద్వివచన సర్వనామాలుండేవి. అవి పోయినా, ఇద్దరిలో ఒకరనే ‘ఈదర్’, ఇద్దరిలో ఎవరూ కాదనే ‘నైదర్’ ఆ పాత లెక్కను ఇంకా మోస్తున్నాయి. ‘ఈచ్ అదర్’ ఇద్దరికే, ‘వన్ అనదర్’ ఎక్కువమందికే అన్న నియమాన్ని పాత వ్యాకరణాలు గట్టిగా చెప్పాయి గాని, మంచి రచయితలు దానిని ఎన్నడూ అంతగా పట్టించుకోలేదు. ఒకరినొకరు అన్న తెలుగు మాటకూ ఆ లెక్క లేదు.

సర్వనామాలు మారనివని చాలామంది అనుకుంటారు, కానీ అది నిజం కాదు. ‘దే’ అనే పదమే అసలు ఇంగ్లీషు సొత్తు కాదు, స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి నార్స్ భాష నుంచి చేరింది. నేడు ప్రతి పుటలోనూ కనిపించే ‘ఇట్స్’ అనే స్వామ్యార్థక రూపం 1611లో అచ్చయిన బైబిలు అనువాదపు తొలి ముద్రణలో లేదు. నిర్జీవ వస్తువులకు కూడా అప్పట్లో ‘హిజ్’ వాడేవారు. ఆడో మగో తెలియని ఒక్క మనిషిని ‘దే’ అనడం 14వ శతాబ్దం నుంచీ ఉన్నదే. తరువాతి వ్యాకరణవేత్తలు దానిని తప్పని కొట్టివేసి, అందరికీ ‘హి’ చాలునన్నారు. ఇటీవల స్త్రీ పురుష విభజనలో తమను చేర్చవద్దని కోరేవారి కోసం ఆ ‘దే’ తిరిగి ముందుకొచ్చింది. 2019లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు సంస్థ దానిని ఆ ఏటి పదంగా ఎంచుకుంది, అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం తన రచనా నియమావళి ఏడో కూర్పులో దానిని అదే ఏడు అంగీకరించింది. వర్తూరు చుట్టుపక్కల కార్యాలయాలలో విదేశీ సహోద్యోగుల పేర్ల పక్కన వారు కోరుకున్న సర్వనామాలు కనిపించడం ఇప్పుడు మామూలే కాబట్టి, ఈ పదం బిడ్డల పాఠంలోకీ తల్లిదండ్రుల ఈమెయిళ్లలోకీ ఒకేసారి వచ్చింది.

తెలుగులో దీనికి దారి ఉన్నదా అంటే, సగం ఉంది. వాడుకలో ఈడువారి గురించి చెప్పేటప్పుడు ఆడా మగా తేడా లేకుండా తను అనడం బాగా వ్యాపించింది. తన నుంచి పుట్టిన ఈ రూపంలో లింగం లేదు. అయితే సర్వనామం దాచిన సంగతిని క్రియ బయటపెడుతుంది: తను వచ్చాడు, తను వచ్చింది. హిందీలోనూ ఇదే స్థితి, వహ్ అనే పదానికి లింగం లేకపోయినా గయా, గయీ అనే క్రియలకు ఉంది. తెలుగుకు ఉన్న వెసులుబాటు బహువచన క్రియలో ఉంది. వారు వచ్చారు అంటే ఆ వచ్చినది ఆడవారో మగవారో, ఒకరో పదిమందో క్రియ ఏమీ చెప్పదు. కాకపోతే ఆ వాక్యం గౌరవాన్ని కూడా వెంట తెస్తుంది కాబట్టి ఈడువారి మధ్య బిగువుగా వినిపిస్తుంది. తను వచ్చారు అంటే ఆ బిగువు కొంత సడలుతుంది, చనువూ మన్ననా రెండూ నిలుస్తాయి.